పాత సెట్‌టాప్ బాక్సు పారేయకండి! ముందు పరీక్ష చేయించండి!



గాలివానకు డిష్ వంగిందనో, దాని ముందు బిగించే ఎల్‌ఎన్‌బీ పోయిందనో మెకానిక్‌ను పిలిస్తే మన వీధుల్లో వినపడుతున్న మాట ఒక్కటే: "ఇది పాత బాక్సండీ, కొత్త డిష్‌కు పనిచేయదు, సెట్టు మొత్తం మార్చాల్సిందే." కూలి డబ్బులతో, పింఛను డబ్బులతో ఇల్లు నెట్టుకొస్తున్నవాళ్లు ఆ మాట నమ్మి, నిక్షేపంలాంటి బాక్సును పాత సామాన్లవాడికి వేసి కొత్తది కొంటున్నారు. చాలాసార్లు ఆ ఖర్చు అనవసరం.

డిష్ అంటే వంపు తిరిగిన రేకు, అంతే. దానికి కంపెనీ లేదు, పాతా కొత్తా లేదు. ఏ ఉపగ్రహం వైపు తిప్పితే ఆ సిగ్నలు పడుతుంది. మన తెలుగు జిల్లాల నుంచి చూస్తే టాటా ప్లే వాడే 83 డిగ్రీల స్థానం దాదాపు దక్షిణాన ఉంటుంది. దూరదర్శన్ ఫ్రీ డిష్ వచ్చే జీశాట్-15, 93.5 డిగ్రీల దగ్గర, ఆగ్నేయాన ఉంటుంది. ఎయిర్‌టెల్ వాడే 108.2 డిగ్రీల స్థానం ఇంకా తూర్పుకు జరిగి ఉంటుంది. కంపెనీ మారినా రేకును తిప్పుకుంటే సరిపోతుంది. తుప్పు పట్టకుండా, సొట్టలు పడకుండా ఉంటే దాన్ని మార్చే పనే లేదు.

ఎల్‌ఎన్‌బీ సంగతీ అలాంటిదే. బజార్లో మామూలుగా దొరికేది యూనివర్సల్ రకం. దాని మీద చీటీ చూడండి, 9.75, 10.6 అని రాసి ఉంటుంది. బాక్సు కేబులు గుండా 13 వోల్టులు పంపితే ఒక రకం సిగ్నళ్లు, 18 వోల్టులు పంపితే ఇంకో రకం సిగ్నళ్లు ఇస్తుంది. పాత బాక్సులకూ కొత్త బాక్సులకూ ఈ పద్ధతి ఒక్కటే.

మరి కొత్త ఎల్‌ఎన్‌బీ పెట్టాక పాత బాక్సులో బొమ్మ ఎందుకు రాదు? చాలా ఇళ్లలో అది మెనూలో ఒక్క అంకె తేడా. ఫ్రీ డిష్ వాడే ఫ్రీక్వెన్సీల్లో 11090 ఒకటి. ఎల్‌ఎన్‌బీ అందులోంచి చీటీ మీది 9.75ను, అంటే 9750ని తీసేసి, 1340గా మార్చి కిందికి పంపుతుంది. బాక్సు 950 నుంచి 2150 దాకా అందుకోగలదు కాబట్టి బొమ్మ వస్తుంది. అదే మెనూలో ఎల్‌ఎన్‌బీ దగ్గర 10600 ఒక్కటే పెట్టి ఉంటే, బాక్సు 490 దగ్గర వెతుక్కుంటుంది. అక్కడ ఏమీ ఉండదు. స్ట్రెంత్ గీత నిండుగా కనిపించినా క్వాలిటీ గీత సున్నా దగ్గరే ఉండిపోతుంది. అలా కనిపిస్తే బాక్సు పోయిందని ఒప్పుకోకండి. 'యూనివర్సల్, 9750/10600' పెట్టించండి, ఎల్‌ఎన్‌బీ పవర్ ఆన్ చేయించండి, మళ్లీ వెతికించండి. అప్పటికీ రాకపోతే కేబులు చివర కనెక్టరు విప్పి చూడండి. నడిమి రాగి తీగ నల్లబడిందంటే నీళ్లు దిగాయన్నమాట. ఆ కాస్త ముక్క కోసి కొత్త కనెక్టరు వేయిస్తే సరి.

నిజంగా కుదరనివీ ఉన్నాయి, అవీ చెప్పాలి. పాత ఎంపెగ్-2 బాక్సుకు ఎంపెగ్-4లో వచ్చే ఛానళ్లు అందవు. ఎంత మంచి డిష్ పెట్టినా అందవు. అవి కావాలంటే బాక్సు ఒక్కటే మార్చండి, రేకూ ఎల్‌ఎన్‌బీ అలాగే ఉంచండి. అపార్ట్‌మెంట్లలో అందరికీ కలిపి ఒకే కేబులు మీద నడిపే కొత్త రకం ఎల్‌ఎన్‌బీలు పెడుతున్నప్పుడు, పాత బాక్సులకు వేరే అవుట్‌పుట్ ఉందో లేదో బిగించకముందే అడగండి.

ఇంతకన్నా పెద్ద అన్యాయం ఇంకొకటుంది. డబ్బు పోసి కొన్న బాక్సు, కంపెనీ మారగానే ఎందుకూ పనికిరాకుండా పోతోంది. యంత్రం బాగానే ఉంటుంది, తాళం మాత్రం కంపెనీది. డీటీహెచ్ లైసెన్సు షరతుల్లోనే, ఏ కంపెనీ బాక్సయినా వేరే కంపెనీ సేవకూ పనికొచ్చేలా ఉండాలని రాశారు. అన్ని బాక్సులూ అలాగే ఉండాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2020 ఏప్రిల్‌లో సిఫారసు కూడా చేసింది. ఫోను నంబరు మార్చకుండా కంపెనీ మారే హక్కు 2011 జనవరిలో దేశమంతటా వచ్చింది. మన బాక్సుకు ఆ హక్కు ఎందుకు ఉండకూడదు?

అందుకే అడుగుతున్నాం. ఇకమీదట ఎవరైనా "సెట్టు మొత్తం మార్చాలి" అంటే, ఏ భాగం చెడిందో మీ కళ్లముందు చూపించమనండి. మన టీవీలో పెట్టి చూపించేదాకా పైసా ఇవ్వకండి. తీసేసిన భాగాన్ని మీ దగ్గరే ఉంచుకోండి. ట్రాయ్ 2020 సిఫారసును అమలు చేయాలని కేంద్ర సమాచార, ప్రసార శాఖకు పంపే వినతిపత్రం మీద సంతకం చేయండి.

ఈ ఆదివారం ఉదయం 9 గంటల నుంచి మన గ్రంథాలయం అరుగు మీద డిష్, టీవీ పెట్టి ఉంచుతాం. పని తెలిసిన కుర్రాళ్లు ఉంటారు, పరీక్షకు డబ్బు తీసుకోరు. మూలన పడేసిన బాక్సయినా సరే పట్టుకురండి. రిమోటు, అడాప్టరు మరిచిపోకండి. రిమోటు లేకపోతే మెనూ తెరవడం కుదరదు. మెట్లెక్కలేని పెద్దవాళ్లు కబురు పెడితే మేమే ఇంటికొచ్చి చూస్తాం.