కిడ్నీలో గడ్డ అనంగనే కత్తేనా?

కిడ్నీలో గడ్డ ఉందంటే మా శ్రీరాంపూర్ సింగరేణి కాలనీల్లో ఎవరైనా ముందు అనే మాట, "తీసేపిస్తే పోతది గదా!" రెండో మాట, "సూది గుచ్చి ముక్క పరీక్ష చేయొద్దు, పాకుతది." సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసేటోణ్ని కాబట్టి ఇంగ్లీషు రిపోర్టులన్నీ నాకే వాట్సాప్ చేస్తరు. ఈ మధ్య మా వీధి కాక ఒకాయన స్కానింగ్ రిపోర్టు వచ్చింది. రెండు కిడ్నీలూ ఉబ్బినయి, లింఫోమా కావచ్చు, బయాప్సీ చేయించాలి అని రాశారు. ఇంట్లో వాళ్లు వద్దంటే వద్దన్నరు. ఇట్లాంటప్పుడు ఆ ముక్క పరీక్షే మనిషిని కాపాడుతుందని చెప్పడానికే ఈ వారం ఇది రాస్తున్నా.

కిడ్నీలో మామూలుగా వచ్చే క్యాన్సర్ వేరు, లింఫోమా వేరు. లింఫోమా అంటే తెల్ల రక్తకణాల్లో ఒక రకమైన లింఫోసైట్ల క్యాన్సర్. ఎక్కువగా మెడ, చంక, గజ్జల్లోని లింఫు గ్రంథుల్లో మొదలవుతుంది. కిడ్నీలో సహజంగా ఆ కణజాలం ఉండదు. అందుకే నేరుగా అక్కడే పుట్టడం చాలా అరుదు. గ్రంథుల బయట పుట్టే లింఫోమాలు వంద తీసుకుంటే, కిడ్నీలో పుట్టింది ఒక్కటి కూడా ఉండదు. వేరే చోట పుట్టి కిడ్నీకి వచ్చేదే ఎక్కువ. ఆ తేడా తేల్చడానికి పెట్ స్కాన్, ఎముక మజ్జ పరీక్ష చేస్తారు.

మరి దీన్ని అనుమానించేదెట్లా? నడుము పక్కన నొప్పి, తగ్గని జ్వరం, రాత్రి చెమటలు, బరువు తగ్గడం, క్రియాటినిన్ పెరగడం. స్కాన్‌లో రెండు కిడ్నీలూ ఉబ్బడం, లేదా ఒకేచోట కాక చాలాచోట్ల గడ్డలు కనిపించడం. ఇవి వేరే జబ్బుల్లోనూ ఉంటాయి. తేల్చేది ముక్క పరీక్షే.

మామూలు కిడ్నీ క్యాన్సర్‌ను చాలాసార్లు స్కాన్ చూసే ఆపరేషన్ చేస్తారు. లింఫోమాకు అసలు వైద్యం మందులు. కిడ్నీ తీసేసినంత మాత్రాన జబ్బు పోదు, పైగా కీమోను తట్టుకోవాల్సిన శరీరానికి ఒక కిడ్నీ తక్కువైతది. ఇక సూదితో పాకడం అత్యంత అరుదు. అసలు జాగ్రత్త రక్తస్రావం గురించి. రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే డాక్టరుకు ముందే చెప్పాలి. ముక్క తీయకముందు స్టెరాయిడ్ మాత్రలు సొంతంగా మింగొద్దు. గడ్డ తాత్కాలికంగా కరిగి, పరీక్షలో జబ్బు దొరకకుండా పోవచ్చు.

కాక చివరికి ఒప్పుకున్నడు. బి-కణాల లింఫోమా అని తేలింది, వైద్యం నడుస్తోంది. ఎక్కువ మందిలో వచ్చే రకం ఇదే. దీనికి ఆర్-చాప్ అనే అయిదు మందుల కలయికను 21 రోజులకోసారి, సాధారణంగా ఆరుసార్లు ఇస్తారు. అందులో 'ఆర్' అంటే రిటుక్సిమాబ్. కణం మీదున్న సీడీ20 అనే గుర్తును పట్టుకొని దాన్ని చంపుతుంది. అమెరికాలో 1997లో అనుమతి పొందిన ఈ మందును, 2007లో మన హైదరాబాద్ కంపెనీ డాక్టర్ రెడ్డీస్ 'రెడిటక్స్' పేరుతో తక్కువ ధరకు తెచ్చింది. మొదలుపెట్టే ముందు హెపటైటిస్-బి పరీక్ష, గుండెకు ఎకో తప్పనిసరి. కిడ్నీకి వచ్చిన ఈ రకం మెదడుకు పోయే ముప్పు ఎక్కువ కాబట్టి, కొందరికి దానికీ ముందుజాగ్రత్త మందు ఇస్తారు. మందు పనిచేస్తే చాలామందిలో కిడ్నీల పనితీరు కూడా మెరుగవుతుంది.

హైదరాబాద్‌లో ఎంఎన్‌జే, నిమ్స్ ఉన్నాయి. ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరు నుంచి 10 లక్షలు. సింగరేణి కార్మికులు ముందు కంపెనీ ఆసుపత్రిలో రిఫరల్ గురించి అడగాలి. ఎక్కడికి పోయినా బయాప్సీ రిపోర్టుతో పాటు స్లైడ్లు, మైనపు బ్లాకులు కూడా అడిగి తీసుకపోండి. ఇంకో చోట మళ్లీ చూడాలన్నా మళ్లీ గుచ్చే పని ఉండకపోవచ్చు.

ఆపరేషన్ కాగితం మీద సంతకం పెట్టేముందు డాక్టరును ఒక్క మాట అడగండి: "సార్, ఇది లింఫోమా అయ్యే అవకాశం ఉందా? ముక్క పరీక్ష అవసరమా?" అట్ల అడిగితే ఏ మంచి డాక్టరూ కోపం చేసుకోడు.