మన నీళ్లలో ఏముందో ఎవరు చెప్పాలి?

తుర్కయంజాల్‌లో పొలాలు ప్లాట్లయ్యాయి. మన పిల్లలు బీఎస్సీ కెమిస్ట్రీ చదివి మందుల కంపెనీల్లో నౌకరీలు వెతుక్కుంటున్నారు. తప్పేం లేదు, ఇల్లు గడవాలి కదా. యాచారం, కందుకూరు మండలాల్లో ఫార్మా సిటీకి భూములు అడిగినప్పుడు చూపిన ఆశ కూడా ఆ నౌకరీలే.

కానీ రైతుకు కెమిస్ట్ ఎందుకు కావాలో పటాన్‌చెరును చూస్తే తెలుస్తుంది. నక్కవాగు నీళ్లు పాడయ్యాయని అక్కడి రైతులు ఏండ్ల తరబడి మొత్తుకున్నారు. రంగు, వాసన చెప్పగలిగారు గానీ, అందులో ఏం కలిసిందో రుజువు చేయడం వాళ్ల చేతుల్లో లేదు. పటాన్‌చెరులో మందుల కంపెనీల మురుగును శుద్ధి చేసే కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిని స్వీడన్ పరిశోధకులు పరీక్షించారు. లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉందని 2007లో ప్రకటించారు. ఆ మందు మింగిన రోగి నెత్తుట్లో ఉండేదానికన్నా ఎక్కువ. అదీ శుద్ధి చేశాక!

ఆ పరీక్ష చేయడానికి స్వీడన్ నుంచే రావాలా? 1944లో మొదలైన రసాయన పరిశోధన సంస్థ మన తార్నాకలోనే ఉంది.

2015లో వచ్చిన భూసార కార్డు నత్రజని, భాస్వరం, పొటాష్ లెక్క చెప్తుంది. పురుగుమందుల అవశేషాల మాట, కంపెనీ మురుగు మాట అందులో లేదు. అందుకే ప్రతి మండలంలో మట్టి, నీళ్లు పరీక్షించే కేంద్రం, అందులో పర్మినెంట్ కెమిస్ట్ పోస్టు ఉండాలి. ఈ డిమాండును వచ్చే మండల సమావేశంలో తీర్మానంగా పెడదాం. కెమిస్ట్రీ చదివే పిల్లలను కూడా వెంట తీసుకురండి.