కైకిలోళ్లు దొరకడం లేదంటే తప్పు ఎవరిది?



నాట్ల పదునులో గానీ, పత్తి పగిలినప్పుడు గానీ మన కల్వకుర్తి చుట్టుపక్కల ఏ ఊరి రచ్చకట్ట దగ్గర నిలబడ్డా ఒకటే మాట వినిపిస్తుంది. "కైకిలోళ్లు దొరుకుతలేరు." వెంటనే రెండో మాట. "దొరికినా అడిగినంత ఇయ్యాలె." మూడో మాట కాస్త గొంతు తగ్గించి అంటారు. "పని చేసేటోళ్లు సోమరులైండ్రు."

మొదటి రెండు మాటలూ నిజమే. మూడో మాట దగ్గరే మనం ఆగాలి. ఎందుకంటే ఆ మాట అనే మనలో చాలామందిమి సొంత చేను పని తీరగానే పక్క చేనుకు కైకిలి పోయేవాళ్లమే. రెండెకరాల రైతు ఒకనాడు పని చెప్పేవాడు, మరునాడు పని అడిగేవాడు. కూలి పెరిగితే ఒక జేబులోంచి పోతుంది, ఇంకో జేబులోకి వస్తుంది. అందుకే ఈ లెక్కను పెద్ద రైతు చూసినట్టు మనం చూస్తే మోసపోతాం.

మనమే ఒకప్పటి వలసోళ్లం

కల్వకుర్తి 2016 అక్టోబరు 11 నుంచి నాగర్‌కర్నూల్ జిల్లాలో ఉంది. అంతకు ముందు మహబూబ్‌నగర్ జిల్లా. జిల్లా పేరు మారినా 'పాలమూరు లేబర్' అన్న పేరు మాత్రం దేశమంతా అట్లాగే ఉంది. డ్యామ్ కట్టాలన్నా, కాలువ తవ్వాలన్నా, రోడ్డు వేయాలన్నా పాలమూరు గుంపు కావాలనేవారు. కరీంనగర్, నిజామాబాద్ దిక్కు వాళ్లు గల్ఫ్‌కు పోతే, మనవాళ్లు బొంబాయి, పూణె పట్టిండ్రు.

గుంపు మేస్త్రీ ఎట్లా తీసుకుపోయేవాడో పెద్దలకు తెలుసు. ఇంట్లో పెండ్లో, జబ్బో, ఎండిన బోరో ఉన్న టైము చూసి వచ్చేవాడు. మొగుడూ పెండ్లాం జోడీకి ఇంత అని ముందు పైసలు చేతిలో పెట్టేవాడు. ఆ పైసలు షావుకారు అప్పుకే సరిపోయేవి. తర్వాత నెలల తరబడి ఆ ముందు పైసలు తీరే దాకా పని.

మా నాయిన, అమ్మ కూడా అట్లాగే పోయిండ్రు. నన్ను మా అవ్వ పెంచింది. పక్క రాష్ట్రంలో కాలువ పని. వాపసు వచ్చినప్పుడు నాయిన లెక్క అడిగితే మేస్త్రీ తన పుస్తకం తీసి చూపిండు. నాయినకు చదువు రాదు. ఇంకా బాకీ ఉన్నావన్నాడు, నాయిన తలూపిండు. నా చదువు ఇంటర్ దగ్గర ఆగిపోవడానికి ఆ బాకీ కూడా ఒక కారణం.

వలస కూలీల కోసం చట్టం లేకపోలేదు. అంతర్రాష్ట్ర వలస కూలీల చట్టం 1979లోనే వచ్చింది. మేస్త్రీకి లైసెన్సు ఉండాలి, కూలీకి రానుపోను ఖర్చు ఇవ్వాలి, కూలి వివరాలు రాసిన పాస్‌బుక్కు చేతికివ్వాలి అని అందులో ఉంది. ఆ చట్టం 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన లేబర్ కోడ్‌లలో కలిసిపోయింది. మా నాయిన చేతిలో ఆ పాస్‌బుక్కును నేను ఒక్కనాడూ చూడలేదు.

ఇప్పుడు మన దగ్గరికి వస్తున్నరు

కల్వకుర్తి ఎత్తిపోతల మన దిక్కు రాత మార్చింది. శ్రీశైలం జలాశయంలోని కృష్ణా నీళ్లను ఎల్లూరు, జొన్నలబొగుడ, గుడిపల్లి గట్టు దగ్గర మూడు మెట్లలో పైకి ఎత్తుతున్నారు. 2012లో మొదటి లిఫ్టు నడిచింది. తర్వాత కాలువ వచ్చిన మేర వరి మడులు పెరిగాయి. వలస పోయినవాళ్లు కొందరు తిరిగి వచ్చి పొలం పట్టిండ్రు.

నీళ్లతోపాటు వేరే రాష్ట్రాల కూలీలూ వచ్చారు. నాట్లకు బీహారు, ఉత్తరప్రదేశ్ గుంపులు. రైస్‌మిల్లులో బస్తా మోసేది బీహారు హమాలీ. తెలంగాణ మిరప చేండ్లలో కాయ కోసేది ఛత్తీస్‌గఢ్ వాళ్లు. వాళ్లు ఎంత ముఖ్యమో 2020లో తెలిసింది. కరోనా లాక్‌డౌన్‌లో వలస కూలీల కోసం దేశంలో మొదటి శ్రామిక రైలు మే 1న మన లింగంపల్లి నుంచే జార్ఖండ్‌లోని హటియాకు పోయింది. వారం తిరగకముందే, మే 8న, బీహారులోని ఖగారియా నుంచి రెండు వందల పైచిలుకు మిల్లు హమాలీలతో ఇంకో రైలు అదే లింగంపల్లికి వచ్చింది. యాసంగి వడ్లు దించడానికి మనుషులు లేక మనమే పిలిపించుకున్నాం.

అదే ఏప్రిల్‌లో ములుగు దిక్కు మిరప కోతకు వచ్చిన 12 ఏండ్ల ఛత్తీస్‌గఢ్ పిల్ల, బండ్లు లేక నడుస్తూ నడుస్తూ ఇంటికి కొంత దూరంలో ప్రాణం విడిచింది. మన జిల్లాలోనే 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట దగ్గర ఎస్సెల్బీసీ సొరంగం కూలింది. ఎనిమిది మంది లోపల చిక్కుకున్నారు. జార్ఖండ్, ఉత్తరప్రదేశ్, పంజాబ్, జమ్మూకశ్మీర్ వాళ్లు. రెండు నెలలు వెతికితే రెండు దేహాలే బయటికి వచ్చాయి. ఆ సొరంగం నల్లగొండ పొలాలకు నీళ్ల కోసం. ఒకప్పుడు వేరేవాళ్ల నీళ్ల కోసం మనవాళ్లు పోయారు. ఇప్పుడు మన నీళ్ల కోసం వేరేవాళ్లు పోయారు.

కొరత ఎందుకు వచ్చింది?

మొదటి కారణం, అందరికీ పని ఒకేసారి పడటం. కాలువ నీళ్లు వదిలిన పదిహేను రోజుల్లో అందరూ నాటు వేయాలి. ఏడాది మొత్తం చూస్తే కూలీలకు పని చాలదు. ఆ పదిహేను రోజుల్లో మాత్రం మనిషి చాలడు.

రెండోది, పంటలు మారడం. జొన్న, సజ్జ, ఆముదం, కంది ఉన్న చెలకల్లో పత్తి వచ్చింది. పత్తిని చేతితోనే ఏరాలి, అదీ మూడు నాలుగు సార్లు. వాన మబ్బు పట్టిందంటే అందరికీ ఆ రోజే కావాలి.

మూడోది, హైదరాబాద్. అడ్డా మీద నిలబడితే చేను పని కన్నా ఎక్కువ వస్తుంది. చదివిన పిల్లలు షాద్‌నగర్, కొత్తూరు కంపెనీలకు పోతున్నారు. పోవద్దని మన పిల్లలకు మనం చెబుతున్నామా? లేదు. అట్లాంటప్పుడు కూలోళ్ల పిల్లలు పోతే తప్పెట్లా అవుతుంది?

నాలుగోది, ఉపాధి హామీ. 2006 ఫిబ్రవరి 2న మొదలైన ఈ పథకంలో ఉమ్మడి పాలమూరు, నల్లగొండ మొదటి విడత 200 జిల్లాల్లోనే ఉన్నాయి. 2025-26లో మన రాష్ట్రంలో రోజు కూలి 307 రూపాయలు. 'ఇంతకంటే తక్కువకు రాను' అని చెప్పే ధైర్యం ముఖ్యంగా ఆడవాళ్లకు దీనితో వచ్చింది. అది కోపం తెచ్చుకునే మాట కాదు. వాళ్లు మన ఇండ్ల ఆడవాళ్లే.

కిలోకు రెండు రూపాయలా, కాటా దగ్గర వెయ్యా?

ఒక లెక్క వేద్దాం. 2025-26లో మధ్యరకం పింజ పత్తికి మద్దతు ధర క్వింటాలుకు 7,710 రూపాయలు. ఏరినందుకు కిలోకు 10 రూపాయలు అనుకుందాం. క్వింటాలుకు వెయ్యి. కూలోళ్లు 12 అడిగితే 1,200. ఆ రెండు రూపాయల దగ్గర మనం పొద్దుపొడుపు నుంచి గెట్టు మీద నిలబడి గుంజులాడతాం.

ఇప్పుడు ఇంకో దిక్కు చూడండి. తేమ 12 శాతం దాటితే సీసీఐ కొనదు. ఆరబెట్టే జాగా లేక, బాకీ ఉన్న దుకాణం ఆయనకే ఇయ్యాల్సి వచ్చి, ఊళ్లోనే 6,500కు అమ్మినం అనుకోండి. క్వింటాలుకు 1,210 రూపాయలు పోయె. ఏరినందుకు కూలోళ్లకు ఇచ్చిన మొత్తం కన్నా ఎక్కువ. కూలోళ్లతో 200 కోసం కొట్లాడి, కాటా దగ్గర 1,210 నోరు తెరవకుండా ఇచ్చి వచ్చినం.

మద్దతు ధర కట్టే తీరు కూడా తెలుసుకోండి. చేతి నుంచి పెట్టిన ఖర్చు, ఇంటిల్లిపాది చేసిన పనికి కూలి కలిపి, దానికి ఒకటిన్నర రెట్లు ఇస్తున్నామని సర్కారు చెబుతోంది. సొంత భూమి కౌలు, సొంత పెట్టుబడి వడ్డీ అందులో కలపరు. అదీ రాష్ట్రాలన్నిటి సగటు. మన చెలకలో పండే పంట ఆ సగటుకు అందదు. కూలి పెరిగితే ధర కూడా పెరగాలని అడగాల్సింది అక్కడ. కూలి తగ్గాలని గెట్టు మీద అడిగితే లాభం లేదు.

బయటోళ్లను ఆపితే మన కూలి పెరుగుతుందా?

గుత్తకు నాట్లు వేసే గుంపులు వచ్చాక మా పని పోయిందని ఊళ్లలో ఆడవాళ్లు అంటున్నారు. వాళ్ల బాధ నిజం. అయితే బయటోళ్లను ఆపేస్తే ఏమవుతుందో అమెరికాలో ఒకసారి చూశారు. అక్కడి పొలాల్లో 1942 నుంచి మెక్సికో కూలీలను ఒప్పందం మీద తెచ్చుకునేవారు. మనవాళ్ల కూలి పడిపోతోందని 1964 చివర ఆ ఒప్పందం ఆపేశారు. అనుకున్నట్టు స్థానికుల కూలి పెరగలేదని తర్వాత లెక్కలు తీసినవాళ్లు తేల్చారు. కాలిఫోర్నియా టమాటా చేండ్లలోకి కోత యంత్రం దిగింది. ఆ యంత్రం కొనగలిగింది పెద్ద రైతే. వేలల్లో ఉన్న టమాటా రైతులు పదేండ్లలో వందల్లోకి వచ్చారు.

ఇందులో పాఠం మనకే ఉంది. కొరత పేరుతో యంత్రం వస్తే ముందు పోయేది కూలీ, తర్వాత పోయేది రెండెకరాల రైతు. యంత్రం వద్దని కాదు. అది పది మంది చిన్న రైతుల చేతిలో ఉండాలి.

సీజనులో ఉపాధి పని ఆపాలా?

ఉపాధి పనిని సాగుకు కలపాలని మన రాష్ట్రంలో చాలా ఏండ్లుగా అడుగుతున్నారు. 2025 డిసెంబరులో పార్లమెంటు పాత చట్టం స్థానంలో కొత్త చట్టం ఆమోదించింది. పని దినాలు 100 నుంచి 125కు పెంచింది. విత్తే, కోసే కాలంలో మొత్తం 60 రోజులు పని ఆపేలా కూడా రాసింది.

చాలామంది రైతులు సంతోషపడుతున్నారు. నేను పడటం లేదు. ఆ 60 రోజుల్లో మీ చేనులో పని రెండు వారాలే ఉంటే, మిగతా రోజులు మీ జాబ్‌కార్డు ఏం చేయాలి? చేతిలో వేరే పని లేని మనిషిని తక్కువకు పిలవడం కొరతకు మందు కాదు. పని ఆపడం కన్నా, చిన్న రైతు చేనులో నాటుకు, కలుపుకు సగం కూలి ఆ పథకం నుంచి ఇవ్వడం మేలు. అప్పుడు కూలీకీ నష్టం లేదు, మనకూ బరువు తగ్గుతుంది.

మన చేతిలో ఉన్నవి

సర్కారు వచ్చేదాకా కూర్చోలేం గనుక, ఈ వానాకాలానికి ముందే ఇవి చేయండి.

ఐదారు ఇండ్లు కలిసి 'బదులు కైకిలి' మళ్లీ మొదలు పెట్టండి. ఈరోజు మీ చేను, రేపు మా చేను. మన అవ్వల కాలంలో పైసా లేకుండా నాట్లు పడ్డది ఇట్లాగే. ఆ ఐదారు ఇండ్లు నారు ఒకేనాడు పోయకుండా వారం తేడాతో పోసుకోండి.

నీటి వసతి నమ్మకంగా ఉన్న మడిలో కొంత భాగం వెదజల్లి గానీ, డ్రమ్ సీడర్‌తో గానీ వేసి చూడండి. మొత్తం ఒకేసారి మార్చకండి. మొదటి ఏడు కలుపు ఎక్కువ వస్తుంది, తట్టుకునే మేరకే వేయండి.

కలుపు కూలి మిగులుతుందని గడ్డిమందు తట్టుకునే దొంగ పత్తి గింజలు కొనకండి. అనుమతి లేని విత్తనం అది. బిల్లు ఉండదు. మొలవకపోతే అడిగే దిక్కు లేదు. సాళ్లు సూటిగా వేసి గుంటుక తోలితే సగం కలుపు పోతుంది.

బయటి గుంపును పిలిస్తే మేస్త్రీతోనే మాట్లాడి ఊరుకోకండి. ఎకరానికి ఎంత, ఎన్ని ఎకరాలు, ఎన్ని రోజులు అన్నది ఒక కాగితం మీద రాసి, గుంపులో చదివిన ఒకరికి ఇవ్వండి. పని అయినాక పైసలు అందరి ముందర లెక్కపెట్టి ఇవ్వండి. పండుకోవడానికి పశువుల కొట్టం చూపకండి. తాగే నీళ్లు, పాము కరిస్తే దవాఖానాకు తీసుకుపోయే బండి చూసి పెట్టండి. పిల్లలను పనిలో దించనీయకండి.

మన ఊరి ఆడవాళ్లకు గుంపు కన్నా ముందు చెప్పండి. ఎకరం గుత్త వాళ్లకూ ఇస్తే చేస్తారు. మొగోళ్లకు ఒక ధర, ఆడోళ్లకు ఒక ధర అని ఒకే పనికి పెట్టకండి. అది చట్టానికీ విరుద్ధమే, న్యాయానికీ విరుద్ధమే.

చివరి మాట

1982లో ఢిల్లీ ఆసియా క్రీడల కోసం కట్టడాలు కట్టిన కూలీల కేసులో సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. కనీస కూలి కన్నా తక్కువకు పని చేయించుకోవడం వెట్టిచాకిరీ కిందికే వస్తుందని అందులో చెప్పింది. వెట్టి అంటే ఏమిటో తెలంగాణ రైతుకు వేరే ఎవరూ చెప్పనక్కర లేదు.

కైకిలోళ్లు దొరకడం లేదంటే వాళ్లకు వేరే దారి దొరికిందని అర్థం. ఆ దారి కోసమే కదా మా నాయిన అంత దూరం పోయింది. మన కష్టానికి ధర రావాలంటే కూలి తగ్గించే లెక్క విడిచి, కాటా దగ్గర పోయే లెక్క పట్టుకోవాలి. అందుకు రైతూ కూలీ ఒకే దిక్కు నిలబడాలి. చిన్న రైతుకు ఇది కష్టం కాదు. ఆ ఇద్దరూ ఒకే ఇంట్లో ఉన్నారు.