కార్డు నిండింది, కాన్పో?

వేణుగోపాలస్వామి గుడికి పేరుపడ్డ నెమలిలో ఇప్పుడు ఇంట్లో కాన్పు అంటే ముసలమ్మలు చెప్పుకునే ముచ్చటే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 96.5 శాతం ప్రసవాలు ఆసుపత్రుల్లోనే జరిగాయి. సంతోషమే. అయితే అదే సర్వేలో నూటికి 42 కాన్పులు పెద్దాపరేషన్లు, ప్రైవేటులోనైతే 63. ఆసుపత్రి గడప తొక్కించడమే గొప్పనుకుంటే ఈ రెండో అంకె ఎవరి ఖాతాలో రాద్దాం? అసలు రాసే అంకెలైనా నిజమేనా? ఆ మధ్య ఒక గర్భిణి కార్డు చూశాను: ఐదు నెలలు వరసగా బీపీ 110/70, ఒకే పెన్ను, ఒకే చేతిరాత. చేతికి పట్టీ చుట్టారామ్మా అంటే నవ్వి ఊరుకుంది. (ఐరన్ మాత్రలు మాత్రం బీరువా మీద భద్రంగా ఉన్నాయి, వేసుకుంటే వికారమట.) 2017లో కేంద్రం తెచ్చిన ‘లక్ష్య’ కార్యక్రమం ప్రసవ గదులకు మార్కులు వేస్తుంది, బాలింతల సంతృప్తినీ లెక్కలోకి తీసుకుంటుంది. మంచిదే. కానీ ఇంకా మంచం దిగకముందే, సిస్టరమ్మ వింటుండగా అడిగితే “బాగానే చూశారండీ” అనక ఏమంటుంది? నెల దాటాక, పుట్టింటి వసారాలో, ఆసుపత్రికి సంబంధం లేని ఆడమనిషి కూర్చుని అడగాలి: నొప్పుల్లో ఎవరైనా కసిరారా, ఆపరేషన్ ఎందుకో చెప్పారా, పక్కన అమ్మను ఉండనిచ్చారా అని.