భద్రాచలానికి కావలసింది కొత్త గీత కాదు

ఖమ్మంలో ఏ వీధిలో ఇళ్లు ఉండాలి, ఎక్కడ దుకాణాలు రావాలి అన్నది చూసుకోవడానికి నగరపాలక సంస్థ ఉంది, స్తంభాద్రి పట్టణాభివృద్ధి సంస్థ ఉంది. గోదావరి దాటి భద్రాచలం చేరితే ఆ పనిని మూడు గీతలు చేస్తున్నాయి. ఒకటి 1/70 చట్టం, రెండోది 2014 నాటి రాష్ట్ర సరిహద్దు, మూడోది వరద మట్టం. మూడూ వేర్వేరు అవసరాల కోసం వచ్చినవి. వాటి నడుమ ఊరు ఎలా బతకాలో మాత్రం ఎవరూ రాయలేదు.

ఏజెన్సీ ప్రాంతంలో స్థిరాస్తి గిరిజనులకు, లేదా గిరిజనులే సభ్యులుగా ఉన్న సహకార సంఘానికి తప్ప మరొకరికి బదిలీ కాకూడదని 1/70గా పిలిచే 1970 సవరణ చెప్పింది. 1988లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. అడవి బిడ్డల భూమి వడ్డీ వ్యాపారుల పాలైన చరిత్ర ఉంది కనుకే ఆ చట్టం వచ్చింది. ఊరు ఎదగకపోవడానికి అదే కారణమని తరచూ వినిపించే మాటలో సగమే నిజం. భూమి ఎవరి పేరున ఉండాలో ఆ చట్టం చెబుతుంది. ఎన్ని అంతస్తులు వేయాలో, ఏటికి ఎంత దూరంలో కట్టాలో చెప్పదు. అది చెప్పాల్సింది భవన నిబంధనలు. అవి బలహీనంగా ఉన్నచోట చట్టాన్ని తప్పించుకునే దారులే నిబంధనలవుతాయి. బినామీ పేర్లు, తెల్ల కాగితపు ఒప్పందాలు అలా పుట్టినవే.

చట్టం దృష్టిలో లీజు కూడా బదిలీయే. అందుకే గిరిజనేతర చిరువ్యాపారికి చేతిలో నిలిచే అద్దె పత్రం ఉండదు. పత్రం లేని చోట బ్యాంకు రుణం దొరకదు. యజమాని పొమ్మంటే అడిగే దిక్కుండదు. చేతిలో నగదు ఉన్నవాడు మాత్రం రామాలయానికి వచ్చే భక్తుల కోసం లాడ్జి లేపుతాడు. శ్రీరామనవమి రద్దీలో గదులు తెచ్చే ఆదాయం ముందు ఒక కుటుంబం ఇచ్చే అద్దె ఏపాటిది? 2025 మార్చి 26న ఊళ్లో నిర్మాణంలో ఉన్న బహుళ అంతస్తుల భవనం కూలి కార్మికులు ప్రాణాలు కోల్పోయారు. పర్యవేక్షణ లేని నిర్మాణానికి మూల్యం కట్టేది ఎవరో ఆ రోజు తేలిపోయింది.

ఊరు పక్కలకు పెరిగే దారిని 2014 మూసింది. పోలవరం ప్రాజెక్టు కోసం భద్రాచలం మండలాన్ని ఆంధ్రప్రదేశ్‌లో కలిపినప్పుడు తెలంగాణకు మిగిలింది భద్రాచలం రెవెన్యూ గ్రామమే. ఏటపాక, పురుషోత్తపట్నం, గుండాల, కన్నాయిగూడెం, పిచ్చుకలపాడు ఆవలి రాష్ట్రానికి వెళ్లాయి. రామయ్య భూములు పురుషోత్తపట్నంలో, రామయ్య గుడి ఇక్కడ. చెత్త వేయడానికి సైతం జాగా వెతుక్కోవలసి వస్తోంది.

ఇక మిగిలింది ఏటి వైపు. 1986లో గోదావరి ఇక్కడ 75.6 అడుగులకు, 2022 జూలైలో 71.3 అడుగులకు చేరింది. మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే వస్తుంది. కరకట్ట ఉందన్న ధైర్యంతో పల్లంలో ఇల్లు కట్టుకునేది తక్కువ ఖర్చులో బతకాల్సినవాళ్లే. మెరక మీద భూమి లాడ్జీలకు పోతే, పల్లం పేదలకు మిగులుతుంది.

మున్సిపాలిటీ చేస్తే సరిపోతుందన్న వాదన ఉంది. అయితే పార్లమెంటు చట్టం చేస్తే తప్ప రాజ్యాంగంలోని మున్సిపాలిటీల భాగం షెడ్యూల్డ్ ప్రాంతాలకు వర్తించదు. అందుకోసం 2001లో రాజ్యసభలో పెట్టిన బిల్లు చట్టం కాలేదు. అంతవరకు ఊరు ఆగనక్కర్లేదు. షెడ్యూల్డ్ ప్రాంతాల పంచాయతీ చట్టం (పెసా) ఇచ్చిన గ్రామసభ ఉంది, సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) ఉంది. 1986 వరద మట్టాన్ని ప్రతి వీధిలో గుర్తించి, దాని కింద కొత్తగా నివాసపు గదులకు అనుమతి ఆపవచ్చు. పంచాయతీకి భవనాలు తనిఖీ చేసే ఇంజనీర్లను ఇవ్వవచ్చు. చట్టమే అనుమతించిన గిరిజన సహకార సంఘాలకు స్థలం, పెట్టుబడి సమకూర్చి వసతి గృహాలు నడిపిస్తే యాత్రికుల సొమ్ము ఆదివాసీ ఇళ్లకు చేరుతుంది. చిరువ్యాపారులకు తైబజారు పద్ధతిలో పంచాయతీ షెడ్లు వేస్తే భూమి చేతులు మారకుండానే బతుకుతెరువు నిలుస్తుంది. వీటిలో దేనికీ 1/70ని కదిలించాల్సిన పని లేదు. దాన్ని సడలిస్తే లాభపడేది ఇప్పటికే అంతస్తులు లేపినవాళ్లు. అద్దె ఇంటివాడికీ ఆదివాసీకీ ఒరిగేదేమీ ఉండదు.