అనుమానం పెనుభూతం

ఈ వారం వచ్చిన ఉత్తరాలలో ఒకదానికి ఈ పుట మొత్తం కేటాయిస్తున్నాను. ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది. ఉత్తరం సోమశిల చుట్టుపక్కల పల్లె నుంచి వచ్చింది. వ్రాసినవాడి ఆనవాలు తెలియకుండా వివరాలు మార్చి, సారాంశం మాత్రం ఇస్తున్నాను.

"అయ్యా! డిగ్రీ పూర్తిచేసి పొలం చూసుకుంటున్నాను. మాఘమాసంలో పెళ్ళి. అమ్మాయిని చూసి ఇష్టపడే ఒప్పుకున్నాను. నాలుగు నెలల క్రిందట ఒక స్నేహితుడు నవ్వుతూ భుజం మీద చెయ్యి వేశాడు. ‘నేను మగవాళ్ళమీద మనసుపడే మనిషినేమో’ అన్న ఆలోచన చటుక్కున మెరిసింది. ఆనాటి నుంచి నాకు నిద్ర లేదు. ఆత్మకూరు బస్సులో ఎక్కిన ప్రతి మగవాణ్ణీ చూసి, నాలో ఏమైనా కదిలిందా అని పరీక్షించుకుంటున్నాను. వెంటనే ఆడవాళ్ళను చూసి సరిపోల్చుకుంటున్నాను. చిన్ననాటి సంగతులన్నీ తవ్వుకుంటున్నాను. రాత్రి రెండు గంటలదాకా సెల్‌ఫోనులో ఇదే వెతుకులాట. పెన్నలో ఈతకు పోవడం మానేశాను. ఆ స్నేహితుణ్ణి తప్పించుకు తిరుగుతున్నాను. ఎక్కడైనా ‘నీకేం లేదు’ అన్న జవాబు దొరికితే పది నిమిషాలు కుదుటపడతాను, మళ్ళీ మొదటికే వస్తుంది. నేను ఎలాంటివాణ్ణో మీరు తేల్చి చెప్పండి. పెళ్ళి మానుకోమంటారా?"

నాయనా! నీ మొదటి ప్రశ్నకు నేను జవాబు చెప్పను. ఒకరి మనసులోని ఇష్టాన్ని పైనుంచి తేల్చి చెప్పగలిగినవాడు లేడు గనుక; ఒకవేళ చెప్పినా, నా జవాబు కూడా పది నిమిషాలకంటే నిలవదు గనుక. ఆ సంగతి నీ ఉత్తరంలో నీవే వ్రాశావు. జవాబు ఎన్నిసార్లు దొరికినా ప్రశ్న చావకపోతే, లోపం జవాబులో ఉన్నట్టా, అడగడంలో ఉన్నట్టా? అక్కడే ఉంది అసలు చిక్కు.

ముందుగా ఒక మాట స్పష్టంగా చెప్పుకోవాలి. మగవాడు మగవాణ్ణి, స్త్రీ స్త్రీని ఇష్టపడటం జబ్బు కాదు. అమెరికాలోని మనోవైద్యుల సంఘం 1973లోనే దానిని జబ్బుల జాబితా నుంచి తీసివేసింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లో తీసివేసింది. 2018 సెప్టెంబరు 6న మన సుప్రీంకోర్టు, ఇష్టపడిన పెద్దవాళ్ళ మధ్య అది నేరం కాదని తీర్పు చెప్పింది. కాబట్టి నీవు భయపడుతున్న ఆ వస్తువులో భయపడవలసిందేమీ లేదు. ఉన్న జబ్బల్లా, అనుమానానిది.

ఆ జబ్బుకు వైద్యులు పెట్టిన పేరు అబ్సెసివ్ కంపల్సివ్ డిజార్డర్; పొట్టిగా ఓసీడీ. పంతొమ్మిదో శతాబ్దపు ఫ్రెంచి వైద్యులు దానిని ‘సందేహాల పిచ్చి’ అన్నారు. నా దృష్టిలో ఆ పేరే బాగుంది. వద్దన్నా ఒక ఆలోచన జొరబడుతుంది. దానితోపాటు భరించరాని ఆందోళన. ఆ ఆందోళన తగ్గడానికి మనిషి ఒక పని చేస్తాడు. పని చెయ్యగానే కాస్త ఊరట. ఊరట ఆరిపోగానే ఆలోచన మరింత బలంగా తిరిగి వస్తుంది. ప్రపంచంలో నూటికి సుమారు ఇద్దరికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఈ జబ్బు వస్తుందని అంచనా.

ఇది మన ఇళ్ళలో లేనిదేం కాదు. చెయ్యి కడిగి, కడిగి, చర్మం ఊడేదాకా కడిగే అత్తగారు ఉంటారు. తలుపు తాళం వేసి నాలుగుసార్లు వెనక్కి వచ్చి లాగి చూసే బాబాయి ఉంటాడు. మడి, ఆచారం అని ఒకరిని మన్నిస్తాం. చాదస్తం అని మరొకరిని చూసి నవ్వుకుంటాం. అవి కంటికి కనబడేవి గనుక కనీసం గుర్తుపడతాం. ఈ అబ్బాయి కడిగేది మాత్రం మనసును. లాగి చూసేది తన ఇష్టాన్ని. బయటికి ఏమీ కనబడదు. ఇంట్లోవాళ్ళు ‘పెళ్ళి దగ్గరపడింది, సిగ్గుపడుతున్నాడు’ అనుకుంటారు.

ఇటువంటి శంకలు అరుదేమీ కావు. అమెరికాలో ఓసీడీ రోగులను పరిశీలించి 2011లో ప్రకటించిన ఒక అధ్యయనంలో, నూటికి 8 మందికి ఆ సమయానికి ఇదే శంక ఉంది. జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు పడినవాళ్ళు నూటికి సుమారు 12 మంది. ఇంకొక విశేషం చూడండి. నిజంగానే స్వలింగాకర్షణ ఉండి, ఆ జీవితంలో హాయిగా ఉన్నవాళ్ళకు కూడా ఈ జబ్బు తగులుతుంది. అప్పుడు శంక తిరగబడుతుంది: ‘నాకు అసలు ఇష్టం అవతలి జాతి మీదనేమో!’ అని. మనిషి దేనిని పోగొట్టుకోలేడో దానినే ఈ జబ్బు పట్టి కుదుపుతుంది. దైవభక్తి కలవాడికి దైవదూషణ ఆలోచనలు వస్తాయి. బిడ్డంటే ప్రాణమైన తల్లికి, బిడ్డకు తనే హాని చేస్తానేమోనన్న భయం వస్తుంది.

మరి ఆ మొదటి ఆలోచన ఎందుకు వచ్చినట్టు? ఊరికే వచ్చింది! అందరికీ వస్తాయి. రాక్‌మన్, డి సిల్వా అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు 1978లో, ఏ జబ్బూ లేని మామూలు మనుషులను అడిగి చూస్తే, చాలామంది తమకూ అటువంటి ఆలోచనలే వస్తాయన్నారు. రెండు వర్గాల ఆలోచనలనూ ప్రక్కప్రక్కన పెడితే విషయంలో పెద్ద తేడా లేదు. తేడా తరువాతి అడుగులో ఉంది. మామూలు మనిషి ‘ఇదేం ఆలోచన!’ అని పని చూసుకుంటాడు. జబ్బు మనిషి ‘ఈ ఆలోచన నాకే ఎందుకు వచ్చింది?’ అని కూర్చుంటాడు.

కోతిని తలుచుకోకుండా మందు తాగమన్న వైద్యుడి సంగతి మన పెద్దలు ఏనాడో చెప్పారు. అమెరికాలో వెగ్నర్ అనే ఆచార్యుడు 1987లో కోతికి బదులు తెల్ల ఎలుగుబంటిని పెట్టి అదే పరీక్ష చేశాడు. తలుచుకోవద్దన్నకొద్దీ అది మనసులోకి వస్తూనే ఉంది. కనుక ‘ఈ ఆలోచన రాకూడదు’ అని పట్టుపట్టినవాడు దానికి పీట వేసి కూర్చోబెట్టినట్టే.

పరీక్షించుకోవడం అంతకంటే ప్రమాదం. ఈ వాక్యం చదువుతూ మీ నాలుక నోటిలో ఎక్కడ ఆని ఉందో ఒక్క క్షణం గమనించండి. ఇంతవరకూ లేని స్పర్శ ఇప్పుడు తెలుస్తోంది కదా? నాలుక కొత్తగా ఏమీ చెయ్యలేదు. మీరు చూశారు, అంతే. శరీరంలో ఏ భాగం మీద కాపలా పెట్టినా ఏదో ఒక కదలిక కనిపిస్తుంది. భయంతో కొట్టుకునే గుండెను మోహంతో కొట్టుకుంటోందని పొరబడతాం. బస్సులో ఈ అబ్బాయి చేస్తున్న పరీక్షకు విలువలేనిది ఇందుకే.

వేసవిలో పెన్న ఇసుకలో చెలమ తీసిన వాళ్ళకు ఇది కొత్తగా చెప్పనక్కరలేదు. తీయగానే నీళ్ళు బురదగా ఉంటాయి. ప్రక్కకు వచ్చి కూర్చుంటే తేరుకుంటాయి. ‘తేరాయా, తేరాయా’ అని గడియకొకసారి చెయ్యి పెట్టి చూస్తే సాయంత్రమైనా తేరవు.

‘నిజంగా ఆ ఇష్టం ఉన్నవాడికి, ఈ శంక ఉన్నవాడికి భేదం ఎట్లా?’ అని మీరు అడగవచ్చు. స్థూలంగా చెప్పాలంటే, ఆ ఇష్టం ఉన్నవాడి ఆలోచనలో కోరిక ఉంటుంది, తీపి ఉంటుంది. అతని భయం ఎక్కువగా లోకాన్ని గురించి. శంక ఉన్నవాడికి ఆలోచన ముల్లులా గుచ్చుకుంటుంది. అతన్ని వేధించేది తేలకపోవడం. కాని ఈ రెండు వాక్యాలనూ పట్టుకుని మళ్ళీ పరీక్షలు మొదలు పెట్టవద్దు సుమా! ఒకే మనిషిలో రెండూ ఉండవచ్చు కూడా. నేను పాఠాలు చెప్పుకునేవాణ్ణి, వైద్యుణ్ణి కాను. జబ్బు నిర్ణయం ఉత్తరం చదివి చేసేది కాదు, మనోవైద్యుడు ఎదుట కూర్చోబెట్టుకుని చేసేది.

చికిత్స ఉందా అంటే, ఉంది. 1966లో విక్టర్ మేయర్ అనే ఆయన లండనులో ఒక మార్గం చూపించాడు. దానిని చెప్పడం సులువు, చెయ్యడం కష్టం: భయపెట్టేదానికి మెట్టుమెట్టుగా ఎదురు వెళ్ళడం, ఊరట కోసం చేసే పనిని చెయ్యకుండా ఆగడం. ఈ అబ్బాయి విషయంలో మొదటి మెట్టు స్నేహితుడితో టీ తాగడం కావచ్చు. తరువాత క్షౌరశాలలో కూర్చోవడం. తరువాత నలుగురితో పెన్నలో ఈత. ఆ సమయంలో శరీరాన్ని తరిచి చూసుకోకూడదు, ఇంటికి వచ్చి సెల్‌ఫోనులో వెతకకూడదు. ‘నేను అలాంటివాణ్ణా?’ అని మనసు అడిగితే, ‘కావచ్చు, కాకపోవచ్చు’ అని వదిలి, చేస్తున్న పని చెయ్యాలి. ఆందోళన మొదట పెరుగుతుంది. తోడుండి చేయించే వైద్యుడు కావలసింది అందుకే. అభ్యాసం సాగినకొద్దీ, జవాబు తేలకపోయినా బ్రతకవచ్చునని మనసు నేర్చుకుంటుంది.

మందులూ ఉన్నాయి. ఫ్లూఆక్సెటిన్, సెర్ట్రాలిన్, ఫ్లూవాక్సమిన్ వంటివి ఇస్తారు, పాతది క్లోమిప్రమిన్. గుణం కనిపించడానికి ఎనిమిది నుంచి పన్నెండు వారాలు పడుతుంది. పదిరోజులు వేసుకుని ‘పనిచెయ్యలేదు’ అని మానేయకూడదు. స్వంతంగా కొని వేసుకోకూడదు. ఇక, ‘ఆ ఇష్టాన్నే మారుస్తాం’ అని ఎవరైనా డబ్బు అడిగితే గుమ్మం దిగి వచ్చేయండి. అటువంటి చికిత్స వృత్తి దోషమని జాతీయ వైద్య కమిషన్ 2022లో తేల్చింది.

మన ప్రాంతంలో మనసు బాగోలేని వాళ్ళను ఏ.ఎస్. పేట దర్గాకు తీసుకుపోయే అలవాటు ఉంది. మొక్కుకోవడం తప్పని నేననను. మొక్కు పేరు చెప్పి వైద్యం వాయిదా వెయ్యడం తప్పు. నెల్లూరులో ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రి ఉంది. బెంగుళూరు నిమ్‌హాన్స్‌లో ఈ ఒక్క జబ్బుకే ప్రత్యేక క్లినిక్ నడుపుతున్నారు. బస్సు ఎక్కే ధైర్యం లేనివాళ్ళు 14416కు ఫోను చేయవచ్చు. ‘టెలి మానస్’ అనే ఈ ప్రభుత్వ సేవ 2022 అక్టోబరులో మొదలైంది, తెలుగులోనే మాట్లాడతారు. బ్రతుకు మీద విసుగు కలిగినవాళ్ళు ఒక్క రాత్రి కూడా ఆగకుండా ఆ నంబరు తిప్పాలి, ఇంట్లో ఒకరికి చెప్పాలి. చెప్పుకున్న సంగతి గుట్టుగా ఉంచాలని 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టం శాసిస్తోంది.

ఇప్పుడు పెళ్ళి సంగతి. పిచ్చి కుదిరితేగాని పెళ్ళి కుదరదు, పెళ్ళి కుదిరితేగాని పిచ్చి కుదరదు అని సామెత. నవ్వుకోవడానికి బాగుంటుంది గాని, దానిమీద ఇద్దరి జీవితాలు పెట్టకూడదు. నాయనా, భయపడి పెళ్ళి మానుకోవడం తాళం లాగి చూడటం వంటిదే. ‘పెళ్ళి చేసుకుని చూస్తే తేలిపోతుంది’ అనుకోవడం కూడా అటువంటిదే. ఒక ఆడపిల్ల నీ అనుమానానికి గీటురాయి కాదు. ముందు వైద్యుణ్ణి చూడు. ఆయన సలహామీద అవసరమైతే ముహూర్తం నాలుగు నెలలు వెనక్కి జరుపు. మరో మాఘం వస్తుంది. మనసు కుదుటపడిన తరువాత, చేసుకోవాలనే అనిపిస్తే ఆ అమ్మాయికి జబ్బు సంగతి చెప్పి చేసుకో. తేరిన నీటిలో వేరే నిజం కనిపిస్తే, దాన్ని దాచి ఆమె మెడలో తాళి కట్టవద్దు. అందులో నీకు అవమానం లేదు. దాచడంలోనే ఆమెకు అన్యాయం ఉంది.

తల్లిదండ్రులకు ఒక మనవి. పిల్లవాడు వచ్చి ‘నేను ఇలాంటివాణ్ణేమోనమ్మా’ అంటే చెయ్యి ఎత్తకండి, ఏడవకండి. ‘ఛ, నీకేం లేదు’ అని రోజుకు ఇరవైసార్లు ఓదార్చకండి. ఆ ఓదార్పు ఉప్పునీటితో దాహం తీర్చడమే. ‘నీవు ఎలాంటివాడివైనా మా బిడ్డవే. ఈ బాధకు వైద్యం ఉందట, రేపు పోదాం పద’ అనండి. ఆ మాట ఒక్కసారి గట్టిగా అని, మర్నాడు నిజంగా బస్సు ఎక్కించండి. ఆ ప్రయాణం ఖర్చు పెళ్ళి పందిరి ఖర్చులో ఏ మూలకు?