గీత చదునైనంత మాత్రాన

చమురు కోసం నేల లోపలి పొరల చిత్రాలు తీసే మా వృత్తిలో ఒక మాట వేదవాక్కులా చెలామణీ అవుతోంది: "గ్యాదర్ చదునైందా? అయితే వేగం కుదిరినట్టే." కొత్తగా చేరినవాళ్లకు మొదటి వారంలోనే దీన్ని నూరిపోస్తారు. నాకూ నూరిపోశారు, చాలా ఏళ్లు నమ్మాను కూడా.

గ్యాదర్ అంటే ఏమిటో తెలియనివారి కోసం ఒక్క ముక్క. నేల మీద కంపనం పుట్టించి, వరుసగా పరిచిన జియోఫోన్లతో కింది రాతిపొర ప్రతిధ్వనిని పట్టుకుంటాం. ఆ నమోదులన్నీ పక్కపక్కనే పేర్చిన చిత్రమే గ్యాదర్. దూరంగా ఉన్న జియోఫోనుకు ప్రతిధ్వని ఆలస్యంగా చేరుతుంది గనక తెర మీద గీత కిందికి వంగుతుంది. ఏ వేగం వేస్తే ఆ వంపు పోతుందో అదే రాతిలో తరంగవేగమని తీర్మానించి, దానితో లోతు లెక్క కడతాం.

రాయి అన్ని దిక్కులా ఒకటే అయితే ఇందులో వంక పెట్టడానికేమీ లేదు. కానీ చమురు కోసం తవ్వే చోట్ల ఎక్కువగా తగిలేది షేల్. ఒక ముక్క తీసుకుని గోటితో గీకి చూడండి, ఆత్రేయపురం పూతరేకులా పొరలు పొరలుగా లేస్తుంది. బంకమట్టి రేకులు అడ్డంగా పేరుకుని గట్టిపడిన రాయి అది. తరంగం పొరల వెంట జోరుగా పోతుంది, పొరలను చీల్చుకుంటూ దిగాలంటే మందగిస్తుంది. దిక్కును బట్టి వేగం మారే ఈ గుణమే ఎనైసోట్రపీ.

దాన్ని కొలవడానికి 1986లో భూభౌతిక శాస్త్రవేత్త లియాన్ థామ్సెన్ ఎప్సిలాన్, డెల్టా అనే అంకెలు ఇచ్చాడు: నిలువు వేగంతో పోలిస్తే అడ్డు వేగం ఎంత ఎక్కువో మొదటిది చెబుతుంది, గీతను చదును చేసే వేగం ఎంత ఎక్కువో రెండోది. డెల్టా 0.1 అనుకుందాం, షేల్‌కు అదేమీ వింత కాదు. నిలువు వేగం సెకనుకు 3000 మీటర్లు. గీతను చదును చేసే వేగం మాత్రం 3286 వస్తుంది. ప్రతిధ్వని రానూ పోనూ 2 సెకన్లు పట్టిన పొర నిజంగా ఉన్నది 3000 మీటర్ల లోతున, మన పటంలో 3286 దగ్గర. ఎప్సిలాన్, డెల్టా రెండూ సమానమైతే మరీ ఘోరం: గ్యాదర్ చివరంటా గీసినట్టు చదునుగా ఉంటుంది, చిత్రం అద్దంలా తేటగా వస్తుంది, లోతు మాత్రం 286 మీటర్లు తప్పు. తేటగా ఉంది గనక నిజమనే వాదం అక్కడే కూలిపోతుంది.

ఎప్సిలాన్ డెల్టాకంటే ఎక్కువైనప్పుడు రాయే సాక్ష్యం ఇస్తుంది. దూరపు జియోఫోన్ల దగ్గర గీత కొస హాకీ కర్రలా పైకి లేస్తుంది. మనం చేసేదేమిటి? ఆ కొసను మ్యూట్ చేసి పారేస్తాం! సాక్షి నోరు నొక్కేసి, ఎవరూ అభ్యంతరం చెప్పలేదని తీర్పు రాసుకోవడం ఇది.

"బావి తవ్వాక సరిచేసుకుంటాంగా" అంటారు. పటాన్ని నిలువునా సాగదీసి బావికి అతికిస్తారు. ఒక్క బావి దగ్గర అది అతుకుతుంది, పక్కన షేల్ మందం మారగానే ఊడిపోతుంది. అయినా తప్పు ఎప్పుడూ నిలువునే ఉంటుందా? కెనడాలో రాకీ పర్వతాల పాదాల దగ్గర పొరలు ఏటవాలుగా ఒరిగి ఉంటాయి. అక్కడ ఎనైసోట్రపీని పట్టించుకోకపోతే లక్ష్యం పక్కకే జరిగిపోతుంది. పక్కకు జరిగినదాన్ని కిందికి లాగి ఏం లాభం?

ఇక కంప్యూటర్ల మీద భరోసా. పూర్తి తరంగరూపాన్ని వాడే ఫుల్ వేవ్‌ఫార్మ్ ఇన్వర్షన్ వచ్చింది, ఇవన్నీ పాత గొడవలంటారు. ఆ పద్ధతికి ప్రాణం లోపలికి దిగి వంగి పైకొచ్చే తరంగాలు. అవి చాలా దూరం అడ్డంగా ప్రయాణిస్తాయి గనక ఎక్కువగా అడ్డు వేగాన్నే చూస్తాయి. ప్రతిధ్వనుల వంపు చదును వేగాన్ని చెబుతుంది. నిలువు వేగం మాత్రం ఈ రెండింటికీ విడిగా చిక్కదు. అడ్డంగా పరచుకున్న షేల్ పొరల్లో పీ-తరంగాల (ఒత్తిడి తరంగాల) ప్రతిధ్వనులను లోతులో కాక కాలంలో అమర్చడానికి చదును వేగం, ఎప్సిలాన్-డెల్టాల తేడా నుంచి వచ్చే ఈటా అనే రెండే అంకెలు చాలని పరిశోధకులు ఆల్‌ఖలీఫా, స్వాంకిన్ 1995లోనే చూపారు. ఆ రెండింటిలో లోతు లేదు. దత్తాంశంలో లేనిదాన్ని ఎంత పెద్ద యంత్రమైనా పిండలేదు.

మరి నిలువు వేగం ఎలా తెలుస్తుంది? బావిలోకి జియోఫోను దించి, పైన కంపనం పుట్టించి, తరంగం నేరుగా దిగడానికి ఎంతసేపు పట్టిందో చూడాలి. దాన్నే చెక్‌షాట్ అంటారు. రిగ్గు కొన్ని గంటలు ఆగాలి. ఖర్చు తగ్గించమన్న రోజున జాబితాలో మొదట కొట్టేసేది దాన్నే. నేను కూర్చున్న ఒక సమావేశంలో కొట్టివేతకు ఇచ్చిన కారణం, అచ్చంగా: "గ్యాదర్లు చదునుగానే ఉన్నాయి కదండీ." నాలుగు నెలల తర్వాత డ్రిల్ బిట్ లక్ష్యపు పొరను పటం చెప్పినదానికంటే చాలా పైనే తాకింది, బావి గోడను కాపాడే ఉక్కు గొట్టం, కేసింగ్, ఇంకా దించనేలేదు. తెల్లవారుజామున రిగ్గు నుంచి వచ్చిన ఫోనులో అడిగింది ఒక్కటే, మీ పటంలో ఆ లోతు ఎక్కడిదని.